రొమ్ము క్యాన్సర్‌లో చంక బిళ్లలు: రెండు మూడు తీస్తే చాలా, అన్నీ తీయాలా?

రొమ్ము ఉంచుతారా, తీసేస్తారా అని ఇంటిల్లిపాదీ అడుగుతారు. చంక గురించి అడిగేవాళ్లు అరుదు. సంతకం పెట్టే కాగితంలో చంకలో బిళ్లలు కూడా తీస్తామని ఒక వాక్యం ఉంటుంది, మిగతా వాక్యాలతో పాటు దానికీ ఒప్పుకున్నట్టే అయిపోతుంది. తర్వాత ఏడాదికో రెండేళ్లకో కోవూరులో నాట్లు వేసి ఇంటికొచ్చిన సాయంత్రం ఆ చేతికి గాజు ఎక్కకపోతే, అప్పుడు చంక సంగతి గుర్తొస్తుంది. రొమ్ముకు చేసిన ఆపరేషన్ నొప్పి నెలలో మరిచిపోవచ్చు. చంకకు చేసిన ఆపరేషన్ మాత్రం చెయ్యి వాడిన ప్రతిసారీ తెలుస్తుంది. అందుకే ఈ ఒక్క నిర్ణయం ఆపరేషన్‌కు ముందు, కూర్చుని మాట్లాడుకుని తీసుకోవాల్సింది.

మన వైపు ‘బిళ్ల కట్టింది’ అంటారే, ఆ బిళ్లలే లింఫ్ నోడ్లు. రొమ్ము నుంచి వచ్చే లింఫ్ ద్రవం ముందుగా చంకలోని వీటిలో వడపోతకు వస్తుంది. క్యాన్సర్ కణం రొమ్ము దాటితే సాధారణంగా మొదట చిక్కేదీ ఇక్కడే. చెయ్యి నుంచి వచ్చే ద్రవానికీ దారి ఇదే చంక. ఇబ్బందంతా అక్కడే ఉంది: రొమ్ము కోసం తీసిన బిళ్లలు చేతికీ అవసరమైనవే.

చంకకు ఏం చేయాలన్నదానికి ఇప్పుడు నాలుగు దారులున్నాయి. మొదటి ఒకటి నుంచి మూడు బిళ్లలు మాత్రమే తీసి చూడటం, దీన్ని సెంటినెల్ నోడ్ బయాప్సీ అంటారు. చంకలోని మొదటి రెండు అంతస్తుల కొవ్వునూ బిళ్లలనూ మొత్తంగా తీసేయడం, ఇది యాక్సిలరీ డిసెక్షన్. కత్తి పెట్టకుండా చంకకు రేడియేషన్ ఇవ్వడం. కొందరికి చంకను అసలు ముట్టుకోకపోవడం. ఎవరికి ఏది అన్నది కుటుంబం ధైర్యాన్ని బట్టి తేలదు. ఆపరేషన్‌కు ముందు చంక ఎలా ఉందన్నదాన్ని బట్టే తేలుతుంది.

కత్తి కంటే ముందు అల్ట్రాసౌండ్, సూది

చంకలో బిళ్ల చేతికి తగిలినంత మాత్రాన క్యాన్సర్ అక్కడిదాకా వచ్చినట్టు కాదు. చేతికి ముల్లు గుచ్చుకుని చీము పట్టినా, గోరుచుట్టు లేచినా, రొమ్ము గడ్డకు సూది పరీక్ష చేసిన వారంలోనైనా చంకలో బిళ్ల ఉబ్బుతుంది. అలాగే చేతికి తగలనంత మాత్రాన శుభ్రంగా ఉందనీ కాదు. అందుకని డాక్టరు చేత్తో చూసి వదిలేస్తే సరిపోదు, చంకకు విడిగా అల్ట్రాసౌండ్ చేయాలి. రొమ్ము స్కానింగ్ రాసినప్పుడే చీటీ మీద ‘చంకతో సహా’ అని రాయించుకోండి. రాయకపోతే కొన్ని స్కానింగ్ సెంటర్లలో రొమ్ము వరకే చూసి పంపేస్తారు.

మంచి బిళ్ల స్కానింగ్‌లో చిక్కుడు గింజలా కనిపిస్తుంది: చుట్టూ సన్నని నల్లటి అంచు, మధ్యలో తెల్లటి కొవ్వు. ఆ అంచు 3 మిల్లీమీటర్లు దాటి మందంగా ఉన్నా, ఒక పక్క ఉబ్బెత్తుగా లేచినా, మధ్యలో తెలుపు మాయమై బిళ్ల గుండ్రంగా తిరిగినా అనుమానించాలి. అలాంటిదానికి స్కానింగ్‌లో చూస్తూనే సూది పెట్టి కణాలు తీయాలి. స్కానింగ్ లేకుండా చేతి అంచనాతో పొడిచిన సూది పక్క కొవ్వులోకి పోతే రిపోర్టులో ‘క్యాన్సర్ కణాలు లేవు’ అని వస్తుంది. అది నమ్మదగ్గ జవాబు కాదు.

దీన్ని వదిలేసి నేరుగా ఆపరేషన్‌కు పోతే రెండు రకాలుగా నష్టం. చంక శుభ్రంగా ఉన్న మనిషికి అన్ని బిళ్లలూ పోతాయి. లేదా ముందు కీమో ఇవ్వాల్సిన మనిషికి ముందే కత్తి పడుతుంది. ఇంకో తప్పు కూడా ఊళ్లలో జరుగుతుంది: సూది పరీక్ష లేకుండా మామూలు గడ్డే కదా అని తీసేయడం, తర్వాత క్యాన్సర్ అని తేలడం. గడ్డ ఒక్కటే తీసి ఉంటే ఫర్వాలేదు, సెంటినెల్ బయాప్సీకి ఇంకా అవకాశం ఉంటుంది. రొమ్ము మొత్తం తీసేసి ఉంటే, రంగు ఎక్కించి మొదటి బిళ్లను కనిపెట్టడానికి కావాల్సిన దారే పోయినట్టు. క్యాన్సర్ రొమ్ములోని పాల నాళాలు దాటని తొలి దశలో కూడా, రొమ్ము పూర్తిగా తీసేటప్పుడు సెంటినెల్ బిళ్ల తీయమనేది అందుకే. అదే దశలో గడ్డ వరకే తీస్తుంటే సాధారణంగా చంక జోలికి పోనక్కర్లేదు.

సెంటినెల్ బయాప్సీ: ఆ నీలి దారం

సెంటినెల్ అంటే కావలి కాసేది. రొమ్ము నుంచి ద్రవం ముందుగా వచ్చి చేరే బిళ్ల అది. అందులో క్యాన్సర్ లేకపోతే వెనక ఉన్నవాటిలో ఉండే అవకాశం చాలా తక్కువ. స్కానింగ్‌లో చంక శుభ్రంగా ఉన్నవాళ్లకు, లేదా సూది పరీక్షలో ఏమీ రానివాళ్లకు ఇది సరైనది.

మత్తు ఇచ్చాక 1 శాతం మెథిలీన్ బ్లూను సెలైన్‌తో పలుచన చేసి, 2 నుంచి 5 మిల్లీలీటర్లు చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగం కింద ఎక్కిస్తారు. ఐదు నిమిషాలు రొమ్మును మెల్లగా చంక వైపు మర్దన చేస్తారు. ఇంకో ఐదు పది నిమిషాలు ఆగి చంకలో చిన్న గాటు పెడితే, కొవ్వులో కుట్టు దారమంత సన్నని నీలి గీత కనిపిస్తుంది. దాన్ని తెంచకుండా వెంట పోతే నీలంగా మారిన బిళ్ల దొరుకుతుంది. తొందరలో ఆ గీత తెగితే రంగు చుట్టుపక్కల కొవ్వంతా పాకి అన్నీ నీలంగానే కనిపిస్తాయి, ఇక బిళ్లను వెతకడం కష్టం. రంగును మరీ పైన, చర్మంలోకే ఎక్కిస్తే అక్కడి చర్మం చచ్చుబడుతుంది. ఈ పని చేయి తిరిగిన సర్జను దగ్గరే చేయించుకోవాలని గట్టిగా చెప్పేది అందుకే.

పెద్ద కేంద్రాల్లో రంగుతో పాటు టెక్నీషియం అనే రేడియో పదార్థం కూడా ఎక్కించి, గామా ప్రోబ్ అనే పరికరం చేసే శబ్దాన్ని బట్టి బిళ్లను పట్టుకుంటారు. రెండూ కలిపితే నూటికి 95 మందికి పైగా బిళ్ల దొరుకుతుంది. ఐసీజీ అనే ఆకుపచ్చ మందును ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలో చూసే పద్ధతి మూడోది. సాధారణంగా ఒకటి నుంచి మూడు బిళ్లలు తీస్తారు. నీలంగా ఉన్నవి, శబ్దం చేసేవి, చేతికి గట్టిగా తగిలేవి, అన్నీ తీయాలి. క్యాన్సర్‌తో పూర్తిగా నిండిన బిళ్లలోకి రంగు వెళ్లదు కాబట్టి చివరి తరగతిని మరచిపోకూడదు.

ప్రోబ్ లేని చోట కేవలం నీలి రంగుతో చేయడం తప్పేమీ కాదు. ముంబై టాటా మెమోరియల్ ఆస్పత్రి వైద్యులు పరిశీలించిన ఇంకో పద్ధతి లో యాక్సిలరీ శాంప్లింగ్: రంగూ అక్కర్లేదు, ప్రోబూ అక్కర్లేదు, చంకలో అడ్డంగా పోయే మొదటి ఇంటర్‌కోస్టోబ్రేకియల్ నరానికి కింద ఉన్న కొవ్వును బిళ్లలతో సహా తీసి పంపుతారు. జిల్లా స్థాయి ఆస్పత్రిలో పరికరం లేదని చంక మొత్తం ఖాళీ చేయించుకోవడం కంటే ఇది ఎంతో మేలు. పరికరం లేదు కాబట్టి అన్నీ తీసేస్తాం అని ఎవరైనా అంటే ఈ పేరు చెప్పి అడగండి.

ముందుగా డాక్టరుకు చెప్పాల్సినవి మూడున్నాయి. గర్భం ఉంటే నీలి రంగు వాడరు. డిప్రెషన్‌కు మాత్రలు వాడుతుంటే మెథిలీన్ బ్లూతో ప్రమాదకరమైన ప్రతిచర్య రావచ్చు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకు అది రక్తకణాలను విరిచేస్తుంది. ఆపరేషన్ తర్వాత ఒకటి రెండు రోజులు మూత్రం ఆకుపచ్చగా, నీలంగా వస్తే భయపడకండి. రొమ్ము ఉంచినవాళ్లకు చర్మం మీద నీలం మచ్చ కొన్ని నెలలు నిలవచ్చు.

కావలి బిళ్లలో క్యాన్సర్ లేదని తేలితే చంక పని అక్కడితో అయిపోయింది. తప్పిపోయే అవకాశం ఉంది కదా అని అడుగుతారు. ఉంది. 5,611 మంది స్త్రీలతో అమెరికా, కెనడాల్లో చేసిన ఎన్‌ఎస్‌ఏబీపీ బీ-32 పరిశోధనలో, చంకలో క్యాన్సర్ ఉన్న ప్రతి పదిమందిలో దాదాపు ఒకరికి కావలి బిళ్ల ‘లేదు’ అని చెప్పింది. అయినా 2010లో వచ్చిన ఫలితాల్లో, బిళ్ల శుభ్రంగా ఉందని అంతటితో ఆపినవాళ్లలో చంకలో జబ్బు తిరగబెట్టింది నూటికి ఒకరికన్నా తక్కువ మందికి. బతికిన కాలంలో తేడా లేదు. మిగిలిన చిన్నాచితకా కణాల పని కీమో, హార్మోన్ మాత్రలు, రేడియేషన్ చూసుకుంటాయి.

కావలి బిళ్లలో క్యాన్సర్ కనిపిస్తే

ఇక్కడే ఎక్కువ తికమక. ఒకప్పుడు జవాబు ఒక్కటే: మళ్లీ థియేటర్‌కు తీసుకుపోయి చంక మొత్తం తీసేయడం. ఇప్పుడు రిపోర్టులో రెండు సంఖ్యలు చూడాలి: ఎన్ని బిళ్లల్లో ఉంది, ఎంత పరిమాణం. 0.2 మిల్లీమీటర్ల లోపు ఉంటే విడి కణాలు, అది బిళ్ల శుభ్రంగా ఉన్నట్టే లెక్క. 2 మిల్లీమీటర్ల వరకూ మైక్రో మెటాస్టాసిస్, దానికీ చంక ఖాళీ చేయరు. 2 దాటితే మాక్రో, మాట్లాడుకోవాల్సింది దాని గురించే.

గడ్డ 5 సెంటీమీటర్ల లోపు, రొమ్ము ఉంచే ఆపరేషన్, తర్వాత రొమ్ముకు రేడియేషన్ ఖాయం, ఒకటి లేదా రెండు కావలి బిళ్లల్లోనే క్యాన్సర్. ఇవన్నీ కుదిరితే ఇంకేమీ తీయనక్కర్లేదని జెడ్-11 పరిశోధన చెప్పింది. పదేళ్ల తర్వాత, అన్నీ తీయించుకున్నవాళ్లలో 83.6 శాతం, తీయించుకోనివాళ్లలో 86.3 శాతం బతికి ఉన్నారు. ఇందులో అందరూ గమనించాల్సిన విషయం ఒకటుంది. అన్నీ తీసినవాళ్లలో 27 శాతం మందికి మిగతా బిళ్లల్లోనూ క్యాన్సర్ దొరికింది. అంటే తీయనివాళ్లలోనూ సుమారు అంతమందికి లోపల మిగిలే ఉండాలి. అయినా వాళ్లలో పదేళ్లలో చంకలో తిరగబెట్టింది నూటికి ఇద్దరికి కూడా కాదు. ‘వేరుతో సహా పీకేస్తేనే నమ్మకం’ అని పెద్దవాళ్లు అనే మాట పొలంలో గరికకు సరే, ఇక్కడ అది నిలవలేదు.

రొమ్ము మొత్తం తీయించుకున్నవాళ్ల సంగతి వేరని చాలాకాలం ఆగారు. 2024లో వచ్చిన సెనోమాక్ పరిశోధనలో మూడోవంతు మందికి పైగా అలాంటివాళ్లే, వాళ్లలోనూ అన్నీ తీసినందువల్ల అదనపు మేలు కనిపించలేదు. కాకపోతే ఆ పరిశోధనలో ఎక్కువమందికి చంకకూ చుట్టుపక్కలకూ రేడియేషన్ ఇచ్చారు. ఆ షరతు మరువకూడదు.

కత్తి బదులు రేడియేషన్ అన్నదాన్ని సూటిగా పోల్చింది 2014లో ప్రచురితమైన అమరోస్. ఐదేళ్లలో చంకలో తిరగబెట్టినవి కత్తి వైపు 0.43 శాతం, రేడియేషన్ వైపు 1.19 శాతం, రెండూ చాలా తక్కువే. చెయ్యి వాపు మాత్రం కత్తి వైపు 23 శాతం, రేడియేషన్ వైపు 11 శాతం. అంకెలు చూస్తే రేడియేషన్‌దే పైచేయి. కానీ ఉదయగిరి అవతలి పల్లె నుంచి వచ్చే మనిషికి ఇంకో లెక్క ఉంది. రేడియేషన్ అంటే సాధారణంగా మూడు వారాలు, వారానికి ఐదు రోజులు, ఒక్క రోజూ మానకుండా. పదిసార్లు వెళ్లి పంటకోతలకని ఆపేస్తే వైద్యం సగంలో నిలిచినట్టే. యంత్రం ఉన్న ఊళ్లో బంధువుల ఇల్లో, సత్రమో, అద్దె గదో కుదిరాకే ఈ దారికి ఒప్పుకోండి. ఏదీ కుదరదని ముందే తెలిస్తే సర్జనుకు దాచకుండా చెప్పండి. అప్పుడు చంక ఖాళీ చేయడమే నమ్మకమైన దారి కావచ్చు, అందులో తప్పు లేదు. రొమ్ముకో ఛాతీకో రేడియేషన్ ఎటూ ఇవ్వాల్సి ఉంటే మాత్రం అదే మూడు వారాల్లో చంకనూ కలుపుతారు కాబట్టి, అదనంగా తిరగాల్సింది ఏమీ ఉండదు.

ఆపరేషన్ బల్ల మీద ఉండగానే బిళ్లను గడ్డకట్టించి పరీక్షించే ఫ్రోజెన్ సెక్షన్‌కు సుమారు అరగంట పడుతుంది. ప్రతి ఊళ్లో ఉండదు, చిన్న మచ్చలు దానికి దొరక్కుండా తప్పిపోతాయి కూడా. పూర్తి రిపోర్టుకు వారం పది రోజులు ఆగి, అవసరమైతేనే రెండోసారి వెళ్లడం ఇప్పటి పద్ధతిలో నష్టమేమీ కాదు. ‘మళ్లీ మత్తు ఎందుకు, ఒకేసారి అన్నీ తీసేయండి సార్’ అని మనవాళ్లే అడగటం ఎక్కువ. ఆ మాట అనకండి.

అన్నీ తీయడమే సరైన సందర్భాలు

మూడు, అంతకన్నా ఎక్కువ కావలి బిళ్లల్లో క్యాన్సర్ ఉన్నప్పుడు. బిళ్లలు ఒకదానికొకటి అతుక్కుని, కదలకుండా గట్టిపడినప్పుడు. రొమ్ము ఎర్రగా వాచి, చర్మం బత్తాయి తొక్కలా గుంటలు పడే ఇన్‌ఫ్లమేటరీ రకంలో. సూదిలో క్యాన్సర్ అని తేలిన బిళ్లలు కీమో తర్వాతా పోనప్పుడు. సెంటినెల్ బిళ్ల ఎంత వెతికినా దొరకనప్పుడు, శాంప్లింగ్ కూడా వీలుకాకపోతే. వీళ్లకు డిసెక్షన్ తగ్గించడం దయ కాదు, జబ్బును వదిలేయడం.

ఛాతీ చిన్న కండరాన్ని హద్దుగా పెట్టుకుని చంకను మూడు అంతస్తులుగా చూస్తారు: కండరానికి బయట ఒకటి, వెనక రెండు, లోపల మూడు. ఒకటి, రెండు తీస్తారు. మూడోది కంటికి జబ్బు కనిపిస్తేనే. మధ్యలో కాపాడాల్సిన నరాలున్నాయి. లాంగ్ థొరాసిక్ నరం దెబ్బతింటే గోడను నెట్టినప్పుడు రెక్క ఎముక వీపులో పైకి లేస్తుంది, తల మీద బిందె పెట్టుకోవడం కష్టమవుతుంది. పైచెయ్యి లోపలి వైపు మొద్దుబారిందంటే ఇంటర్‌కోస్టోబ్రేకియల్ నరం తెగిందన్నమాట. ఇది చాలామందికి జరుగుతుంది, చెయ్యి పనికి అడ్డం రాదు.

రిపోర్టులో ‘2/14’ అని ఉంటే 14 బిళ్లలు చూశారు, రెండింట్లో ఉంది అని అర్థం. పూర్తి డిసెక్షన్ చేశామని చెప్పి మొత్తం సంఖ్య పదికన్నా తక్కువ వస్తే, కొవ్వును మళ్లీ వెతికి చూడమని ల్యాబ్‌ను అడగమని సర్జనుకు చెప్పండి. ముందు కీమో తీసుకున్నవాళ్లకు మాత్రం సంఖ్య తగ్గడం సహజమే. ఈ సంఖ్య మందులనూ మారుస్తుంది. హార్మోన్ రకం (హార్మోన్లతో పెరిగే) క్యాన్సర్‌లో నాలుగు, అంతకన్నా ఎక్కువ బిళ్లల్లో జబ్బు ఉంటే అబెమాసిక్లిబ్ లాంటి మందు లెక్కలోకి వస్తుంది. అందుకని ‘తీయను’ అనే ముందు ఆంకాలజిస్టును కూడా అడగాలి: ఇంకెన్నింట్లో ఉందో తెలిస్తే మీరిచ్చే మందు మారుతుందా?

ముందు కీమో ఇచ్చేవాళ్లకు

హెర్‌-2 (హెర్‌-2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉండే) రకం, ట్రిపుల్ నెగటివ్ (హార్మోన్ గ్రాహకాలూ, హెర్‌-2 ఏవీ లేని) రకం గడ్డలు 2 సెంటీమీటర్లు దాటినా, చంకలో జబ్బు ఉన్నా సాధారణంగా కీమోతోనే మొదలుపెడతారు. కీమోకు చంకలో జబ్బు పూర్తిగా కరిగిపోవచ్చు, అప్పుడు చంకను కాపాడుకోవచ్చు. కానీ దానికి ఒక షరతు: కీమో మొదలు కాకముందే, సూదిలో క్యాన్సర్ తేలిన బిళ్లలో క్లిప్ పెట్టాలి. బియ్యపు గింజకన్నా చిన్న లోహపు ముక్క అది. నాలుగైదు నెలల కీమో తర్వాత ఆ బిళ్ల చుట్టుపక్కలవాటిలో కలిసిపోతుంది, క్లిప్ లేకపోతే ఏదన్నది ఎవరూ చెప్పలేరు.

తేడా ఎంతో అంకెల్లో చూడండి. జెడ్-1071 పరిశోధనలో కీమో తర్వాత సెంటినెల్ బయాప్సీ 12.6 శాతం మందిలో తప్పు చెప్పింది. మూడు, ఆపైన బిళ్లలు తీస్తే అది 9 శాతానికి దిగింది. క్లిప్ పెట్టిన బిళ్లనూ కావలి బిళ్లలనూ కలిపి తీసే టార్గెటెడ్ డిసెక్షన్‌తో ఇంకో కేంద్రంలో వచ్చిన తప్పు 2 శాతమే. క్లిప్ పెట్టించడం మరిచిపోయిన కీమోను వెనక్కి తీసుకోలేం. మొదటి కీమో తేదీ ఇచ్చిన రోజే అడగండి: ‘మేడమ్, చంకలో బిళ్లకు క్లిప్ పెట్టారా? పెడితే కాగితంలో రాశారా?’

చంకను ముట్టుకోకపోవడం

70 ఏళ్లు దాటి, గడ్డ చిన్నదై, హార్మోన్ రకమై, హెర్‌-2 లేకుండా, చంక శుభ్రంగా ఉన్న పెద్దమ్మలకు సెంటినెల్ కూడా అక్కర్లేదని అమెరికా క్యాన్సర్ సర్జన్ల సంఘం 2016లోనే చెప్పింది. తర్వాత సౌండ్ అనే ఇటలీ పరిశోధన 2023లో, ఇన్‌సెమా 2024 చివర్లో వచ్చాయి. 2 సెంటీమీటర్ల లోపు గడ్డ, అల్ట్రాసౌండ్‌లో శుభ్రమైన చంక ఉన్నవాళ్లకు బిళ్లలు తీయకపోయినా ఐదేళ్లకు ఫలితాలు సమానం. ఇది పూర్తిగా ఆ అల్ట్రాసౌండ్ చేసిన చెయ్యి మీద ఆధారపడుతుంది. రొమ్ము స్కానింగ్‌లో అనుభవం లేని చోట చేసిన రిపోర్టు పట్టుకుని ఈ దారికి పోవద్దన్నది మా అభిప్రాయం. వయసు తక్కువ ఉన్నవాళ్లకు బిళ్లల సంఖ్యను బట్టి కూడా కీమో తేలుతుంది కాబట్టి వాళ్లకూ ఇప్పుడప్పుడే కాదు.

ఎక్కడికి వెళ్లాలి

నెల్లూరులో రెడ్ క్రాస్ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, ప్రభుత్వ, ప్రైవేటు వైద్య కళాశాలల ఆస్పత్రులూ ఉన్నాయి. ఒంగోలు వైపు వాళ్లకు గుంటూరు జీజీహెచ్‌లోని నాట్కో క్యాన్సర్ కేంద్రం దగ్గర. నెల్లూరు, గూడూరు వాళ్లు చెన్నైకి, 1954లో మొదలైన అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు పోవడం అలవాటే. తిరుపతి ఇంకో దారి. ఊరు ఎంచుకునే ముందు ఫోన్ చేసి మూడు సంగతులు కనుక్కోండి: సెంటినెల్ బయాప్సీ చేస్తారా, దేనితో? రేడియేషన్ అక్కడే ఉందా? ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఈ ఆపరేషన్ అక్కడ జరుగుతుందా? మూడోదానికి జవాబు ఆస్పత్రిలోని పథకం కౌంటర్‌లోనే తెలుసుకోవాలి, చేరకముందే.

చెయ్యి

సెంటినెల్ తర్వాత చెయ్యి వాపు సుమారు 20 మందిలో ఒకరికి, డిసెక్షన్ తర్వాత సుమారు ఐదుగురిలో ఒకరికి వస్తుంది. చంక ఖాళీ చేసి ఆపైన రేడియేషన్ కూడా ఇస్తే ఇంకా ఎక్కువ. ఆపరేషన్‌కు ముందురోజే టైలర్ టేపుతో రెండు చేతులూ కొలిచి రాసి పెట్టుకోండి: మణికట్టు దగ్గర, మోచేతికి 10 సెంటీమీటర్లు కింద, 10 సెంటీమీటర్లు పైన. తర్వాత మూడు నెలలకోసారి అవే చోట్ల. ముందున్న కొలతతో పోల్చితే 2 సెంటీమీటర్ల తేడా వచ్చిందంటే కంప్రెషన్ స్లీవ్ (చేతిని బిగించి పట్టే తొడుగు) కోసం వెళ్లాల్సిందే. ఆ దశలో పట్టుకుంటే అదుపులో ఉంటుంది, చెయ్యి గట్టిపడ్డాక కష్టం.

డిసెక్షన్ అయినవాళ్లకు డ్రెయిన్ పైపుతో ఇంటికి పంపుతారు. రోజూ ఒకే వేళకు ఖాళీ చేసి ఎన్ని మిల్లీలీటర్లో రాయాలి. ఎరుపు పోయి గంజి తేటలా మారి, 24 గంటల్లో 30 మిల్లీలీటర్ల లోపు వస్తే తీస్తారు. త్వరగా తీయించుకుంటే నీరు చేరి మళ్లీ సూదితో లాగాలి, మరీ ఎక్కువ రోజులు ఉంచితే చీము. వేళ్లు, మోచెయ్యి మొదటి రోజు నుంచే కదపాలి. భుజం ఎత్తు దాటి చెయ్యి లేపడం వారం తర్వాత. చంక నుంచి మోచేతి దాకా చర్మం కింద తీగలా బిగిసి లాగుతుంటే అది లింఫ్ నాళాలు బిగుసుకోవడం, తిరగబెట్టడం కాదు. గోడ మీద వేళ్లతో పాకిస్తూ రోజూ సాగదీస్తే కొన్ని వారాల్లో వదులవుతుంది.

పొదలకూరు నిమ్మ తోటల్లో కాయ కోసేవాళ్లూ, కందుకూరు వైపు పొగాకు విరిచేవాళ్లూ పని మానాల్సిన అవసరం లేదు. నిమ్మ ముల్లు మాత్రం ఆ చేతికి చిన్న విషయం కాదు. మోచేతి దాకా తొడుగు వేసుకోవాలి. గుచ్చుకుంటే అప్పటికప్పుడు సబ్బుతో కడిగి మందు రాయాలి. ఆ చెయ్యి ఎర్రగా కాలిపోతూ చలిజ్వరం వస్తే పసుపు పట్టించి తెల్లారేదాకా చూడకూడదు. ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్లి యాంటీబయాటిక్ మొదలుపెట్టించాలి. ఒక్కోసారి అలాంటి ఒక్క జ్వరంతోనే చెయ్యి శాశ్వతంగా వాచిపోతుంది.